ఐదు చోట్ల ఆగిన చదువు

"ఆపు. మళ్ళీ మొదటి నుంచి చదువు," అంది ఖైసర్ బేగం.

రాజమణి కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పట్టుకుంది. పదేళ్ళ పిల్ల.

"ఖదీర్ గాలిపటం చింతచెట్టుకు చిక్కుకుంది. ఖదీర్ ఏడ్చాడు. అప్పుడు..." గొంతు ఆగింది. ఒక మాట మింగింది. "...చెట్టెక్కి గాలిపటం తీసి ఇచ్చాడు."

"ఎవరెక్కిన్రు?"

పిల్ల తల వంచుకుంది.

"కోతి ఎక్కిందా?"

చాప మీద కూర్చున్న ఆడపిల్లలు కిసుక్కుమన్నారు.

ఆ పాఠంలో లక్ష్మయ్య అనే పేరు ఐదు చోట్ల ఉంది. ఐదు చోట్లా రాజమణి ఆగింది. మిగతాదంతా తడుముకోకుండా చదివింది. మూడు తప్పుల దాకా మాఫీ. నాలుగోది పడితే ఫెయిలు.

హుస్సేనీ ఆలంలోని ఆ ఆడపిల్లల బడిలో నాలుగో తరగతి పరీక్ష ఉస్తానీ, అంటే పంతులమ్మ, ఖైసర్ బేగందే. పక్షపాతం అన్న మాట ఆమెకు గిట్టదు. పాఠం తనే రాసింది. ఉర్దూలో ఒకటి, తెలుగులో అదే ఇంకొకటి. ఎవరి భాషలో వాళ్ళు చదువుకోవచ్చు. కథలో ఒక ముసల్మాను పిల్లవాడు, ఒక హిందూ పిల్లవాడు. శాలిబండలో ఏ గల్లీలో నిలబడి కేకేసినా ఒకడైనా పలికే పేరని లక్ష్మయ్యను ఏరుకుంది. నలభై రెండు మందికీ ఒకటే కొలత. ఇంతకన్నా న్యాయం ఎవరూ చేయలేరని ఆమె నమ్మకం.

"నీకు చదువు రాదు. ముందు చదివినోళ్ళది విని అప్పజెప్తున్నవు," అంది. "అక్షరం వస్తే ఆ ఒక్క పేరు రాకపోవుడేంది?"

"అక్షరాలొస్తయమ్మా దానికి."

మాట గుమ్మంలోని పరదా అవతల నుంచి వచ్చింది. రాజమణి తండ్రి పెంటయ్య. శాలిబండలో పాలు పోస్తాడు. మగవాళ్ళు లోపలికి రాకూడదు గనక అక్కడే నిలబడ్డాడు. పరదా కింద అతని పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. ధోవతి నుంచి నీళ్ళు కారి గడప ముందు మడుగు కట్టాయి.

"బాపూ, గింత తడిసినవేంది?" అంది రాజమణి.

"మూసీల బర్లను కడిగిన బిడ్డా."

ఖైసర్ బేగం ముక్కు చిట్లించింది. "బర్లను కడిగినంక బట్టలు మార్చుకొని రావాలె. ఇది బడి, కొట్టం కాదు."

"తప్పయిందమ్మా. ఆ పేరు దాని మొగనిది. పోయిన ఎండకాలం లగ్గమైంది. ఇంకా అత్తగారింటికి పంపలే. మా ఇండ్లల్ల ఆడిది మొగని పేరు ఎత్తది."

ఖైసర్ బేగం అప్పుడు చూసింది, పిల్ల కాళ్ళకు మెట్టెలు, మెడలో నల్లపూసలు.

"ఎత్తితే ఏమైతది?"

"ఆయనకు ఆయుష్షు తగ్గుతదట, ఉస్తానీ," అంది రాజమణి.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇందాక నవ్విన వాళ్ళలో ఇద్దరు తమ మెట్టెల కాళ్ళను పరికిణీ కిందికి లాక్కున్నారు.

"వేరే పాఠం ఇయ్యుండ్రమ్మా," అన్నాడు పెంటయ్య. "దేవునిది ఇయ్యుండ్రి, దర్గాది ఇయ్యుండ్రి, చదువుతది."

"నీ బిడ్డకొకటి, రఫియాకొకటి ఇస్తే ఇన్సాఫ్ ఎట్లయితది? రఫియాకు నత్తి. ఎనిమిది చోట్ల ఆగింది. దానికి మాఫీ చేసిన్నా?"

ముందు వరుసలో రఫియా మోకాళ్ళలో మొహం దాచుకుంది.

"వచ్చే నెల ఇంకోపారి పెడ్తం. అప్పుడు తీసుకరా."

"వచ్చే నెలకు ఇది బడికి రాదమ్మా. ఇయ్యాల్నే కావాలె. పాసయితే బోర్డింగుల వెట్టుకుంటమంటిరి. తిండి, బట్ట అన్నీ సర్కారువే అంటిరి. ఉస్తానీ అయి తన కాళ్ళ మీద తను బతుకుతదంటిరి."

"నేను బోర్డింగు మాటెత్తినప్పుడు, అత్తగారోళ్ళు ఒప్పుకోరని కాదన్నది నువ్వే గద, పెంటయ్యా?"

"ఇగ వాళ్ళను అడిగే పని లేదమ్మా."

కొట్లాడుకున్నారు కాబోలు అనుకుంది ఖైసర్ బేగం. అది తనకు అక్కర్లేని సంగతి.

"బోర్డింగు జాబితా సాయంత్రం పోతది. పాసయితే పేరు రాస్త. చదవమను. ఐదు చోట్లా పలకాలె. మీ రివాజుకు నా కలం వంగది."

పరదా కింద తడి పాదాలు గడప దగ్గరికి జరిగాయి.

"చదువు బిడ్డా," అన్నాడు పెంటయ్య చివరికి. "ఆ పేరు వలుకు."

రాజమణి బెదిరిపోయింది. "వద్దు బాపూ! మొన్న నాకు దోసెడు జామకాయలు తెచ్చిచ్చిండు. పాపం, ఆయనకు ఆయుష్షు తగ్గుతది."

"ఫెయిలయితే నీకేం మిగలది బిడ్డా."

"ఫెయిలే చెయ్యమను. నేను వలుక."

కాగితాన్ని బల్ల మీద పెట్టేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఖైసర్ బేగం ఎర్రసిరాలో కలం ముంచింది.

పరదా అంచును ఒక చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్ళ సందుల్లో నల్లగా మసి.

"వలుకు బిడ్డా, ఇగ భయం లేదు. పొద్దుగాల మూసీ ఒడ్డున ఆ పిలగాన్ని కాలవెట్టే వచ్చిన."