గంగామణి గుండె

"గంగామణీ!" నర్సు సుగుణమ్మ రెండోసారి పిలిచింది.

బల్ల మీదున్న ఆరేడేళ్ల పిల్ల కదల్లేదు. తల్లి భూమక్క జబ్బ మీద పొడిస్తే లేచింది.

పిల్లల గుండె డాక్టరు కామారెడ్డి ఆసుపత్రికి నెలకు ఒక్కరోజే వస్తాడు. పిల్లను చూడనిదే చీటీ రాయడు. రాస్తే మాత్రం హైదరాబాదు పెద్దాసుపత్రి వ్యాను ఇంటి ముందుకే వచ్చి తీసుకుపోతుంది.

"ఏమైతదమ్మా?" డాక్టరు అడిగాడు.

"నాలుగడుగులేస్తె గొంతుక్కూసుంటది సారూ. ఏడిస్తె పెదవులు, గోర్లు నీలమైతయి. మొన్న ఎల్లారెడ్డి దవఖానకు తోల్కపోతుంటె బస్సులనే సోయి తప్పింది. అక్కడి డాక్టరు ఈ కాయితమిచ్చిండు."

పుట్టుకతో వచ్చిన అరుదైన లోపమనీ, గుండెలో చప్పుడు తేడాగా ఉందనీ, ఆలస్యమైతే పిల్ల దక్కదనీ రాసుంది.

"నడువు బిడ్డా."

పిల్ల నాలుగడుగులు వేసి, తల్లి ముఖం చూసి, గొంతుక్కూర్చుంది. ఆ జబ్బుకు అదే గుర్తు. డాక్టరు గబుక్కున లేచి పెదవి తిప్పి చూశాడు. ఎర్రగా ఉంది. గోళ్లు నొక్కాడు. స్టెతస్కోపు ఎడమన పెట్టాడు, కుడిన పెట్టాడు, వీపున పెట్టాడు. ఫ్యాను ఆపించి మళ్లీ విన్నాడు. ఎక్స్‌రే తీయించి కిటికీ వెలుగుకు పట్టి చూశాడు.

"ఏ లోపమూ లేదమ్మా. గుండె గడియారం లెక్క కొట్టుకుంటుంది. నిమ్మళంగా ఇంటికి పో."

భూమక్క ముఖంలో నెత్తురు ఇంకిపోయింది.

"గట్లనకుండ్రి సారూ! కాయితంల ఉన్నది గద. చీటీ రాయుండ్రి, నీ బాంచెన్."

"బాగున్న పిల్లకు ఆపరేషన్ చీటీ ఎట్ల రాయాలె?"

"బిడ్డ మంచిగుందంటె సంబురపడాలె గని ఏడుస్తరా ఎవలన్న?" సుగుణమ్మ కసిరింది.

మనవణ్ని ఒళ్లో పెట్టుకుని వరుసలో కూర్చున్న సత్తార్ విసుక్కున్నాడు. "మా పోరగాండ్లను గూడ చూడనియ్యమ్మా. డాక్టరు నీ ఒక్కదానికే అచ్చిండా?"

భూమక్క ఎవరి మాటా వినలేదు. డాక్టరు కాళ్లు పట్టుకుంది.

"మల్ల నెలదాక ఉండది సారూ, నా బిడ్డ ఉండది!"

డాక్టరు ఆమెను లేపి కూర్చోబెట్టాడు. పిల్ల ముందు వంగి మెల్లగా అడిగాడు.

"భయపడకు. ఎక్కడ నొస్తదో నువ్వే చెప్పు గంగామణీ."

పిల్ల తల్లి వైపు చూసి, వెక్కి వెక్కి ఏడ్చింది.

"గంగామణి ఇంటికాడ మంచంల ఉన్నది సారూ. నేను దాని అక్కను."