మొండి మిషను

"మళ్లీ నూనెనే," అంది హర్షిణి. పొద్దున్నుంచి ఆ ఒక్క మాటే అనీ అనీ ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

జశ్వంత్ మిషనులో నీళ్లు పీల్చే సూది విప్పి మళ్లీ కడిగాడు. మిషను అమ్మిన కంపెనీ అతన్ని హైదరాబాదు నుంచి గోదావరిఖనికి, ఈ చిన్న నీటి పరీక్షల ల్యాబుకు పంపింది. నీళ్లలో రెండు చుక్కల ద్రావకం వేసి, కుదిపి, అందులోకి దిగిన డీజిల్ నూనెను కొలవడం ఆ మిషను పని. కంటికీ ముక్కుకీ అందనంత నూనె ఉన్నా పట్టేస్తుంది. మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు, ద్రావకం వాసన పీల్చక్కర్లేదు.

హర్షిణికి కావలసింది అదే. ఆమెకు ఐదో నెల. ఆ వాసన బిడ్డకు మంచిది కాదని దవాఖానలో గట్టిగా చెప్పారు. మిషను పనిచేస్తే సరే, లేదంటే ఉద్యోగం మానుకోవాల్సిందే.

"బొగ్గు మోసే డంపర్ల షెడ్డు పక్కన మా కాలనీ బోర్లు అన్నిట్ల నూనె ఉన్నదంటది. గిదేం మిషను సార్? నేను చేత్తోని చేస్తె ఒక్కనాడు రాలే."

"చేత్తో ఎలా చేస్తారు మేడమ్?"

"ఎట్లేంది? మా డిస్టిల్డ్ వాటర్ యూనిట్ ఖరాబై శాన రోజులాయె. అందుకే ముందుగాల మా ఇంటి ఫిల్టర్ నీళ్లు పెట్టి, గవే సాఫ్ నీళ్లని మీటర్ల జీరో చేస్త. తర్వాత బోరు నీళ్లు పెడ్త. మంచిగ జీరోనే వస్తది."

"దీనికి అలా కుదరదండీ. జీరో కంపెనీలోనే పెట్టేస్తారు, మనం మార్చలేం."

"అందుకే గింత మొండితనం." హర్షిణి తన సీసా ఎత్తి గటగటా తాగింది. కడుపుతో ఉన్నప్పుడు నీళ్లు బాగా తాగాలని అత్త ఒకటే పోరు. "ఇగో, గీ ఫిల్టర్ నీళ్లే పెట్టుండ్రి. గిప్పుడన్న దానికి సిగ్గొస్తదేమో."

మిషను కూత పెట్టింది. బోర్లలో ఎంత చూపిందో ఇందులోనూ అంతే నూనె.

"చూసిన్రా? తాగే నీళ్లల్ల గూడ నూనెనట. దీన్ని తీస్కపోండ్రి సార్, నా పానం తియ్యకుంట." లోకంలో అందరికీ మంచి సామాను దొరుకుతుంది, తన దగ్గరికొచ్చేసరికే దానికి మాయరోగం.

జశ్వంత్ ముఖం మాడిపోయింది. దీన్ని వెనక్కి మోసుకెళితే మేనేజరు తల తినేస్తాడు. ఇక దిక్కుతోచక, హైదరాబాదులో ఇంట్లో పట్టుకొచ్చిన తన నీళ్ల సీసా బ్యాగులోంచి తీశాడు.

"పెట్టుండ్రి, పోయేదేమున్నది," అంటూ హర్షిణి తన సీసాలో మిగిలింది కూడా తాగేసింది.

మిషను జీరో చూపించింది.