నిచ్చెన పక్కన కుర్చీ

పెయింటర్ నిచ్చెనెక్కి ఇంకా బ్రష్షు ముంచనేలేదు, ముసలావిడ ప్లాస్టిక్ కుర్చీ లాక్కొచ్చి నిచ్చెన కాళ్ళకి ఆనించి కూర్చుంది.

"కాస్త దూరంగా కూర్చోండమ్మా. ప్రైమర్ మీద పడుతుంది."

"పడనీ బాబూ. పాత చీరేలే."

ఇంటాయన తల్లి కాబోలు. కాపలా పెట్టాడన్నమాట.

పెయింటర్‌కి ఒళ్ళు మండింది. మండదు మరి? కిందటిసారి పనిచేసిన ఇంట్లో వాళ్ళ వాచీ కనిపించకుండా పోయింది. తర్వాత మంచం వెనకాల దొరికింది. వాచీ అయితే దొరికింది గానీ, పోయిన పేరు మాత్రం దొరకలేదు. పాత మేస్త్రి పనిలోంచి తీసేశాడు. సొంతంగా ఒప్పుకున్న మొదటి ఇల్లు ఇదే. ఇక్కడ కూడా మాట పడితే ఇంక పనికి పిలిచేవాడు ఉండడు.

అందుకే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తున్నాడు. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడల్ని ఉప్పు కాగితంతో రుద్ది, గుడ్డతో దుమ్మంతా తుడిచి, అప్పుడు ప్రైమర్ ఎత్తుకున్నాడు. వేసింది వేసినట్టే తాగేస్తోంది గోడ.

నిచ్చెన జరిపితే కుర్చీ కూడా జరిగేది. ఆవిడ చూపు గోడ మీద ఉండేది కాదు, అతని మీదే.

చిత్రమేమిటంటే, ఇంకా బిగించని కుళాయిలూ స్విచ్చులూ దాచిన లోపలి గదిలోకి అతను వెళ్ళినా ఆవిడ కదిలేది కాదు. అది కూడా ఎరే అనుకున్నాడు పెయింటర్. ఆ గది గుమ్మం తొక్కడమే మానేశాడు.

సాయంత్రాలు ఇంటాయన వచ్చేవాడు. ఆవిడని చూసి ఓసారి తల ఊపి, గోడలు చూసుకుని వెళ్ళిపోయేవాడు. కన్నతల్లితోనే మాట్లాడని మనిషి, మనల్నేం నమ్ముతాడు?

ఓ రోజు అతను నిచ్చెన ఎక్కుతుంటే ఆవిడ అడగనే అడిగింది.

"ఆ జేబులో ఏంటి బాబూ, అంత బరువుగా వేలాడుతోంది?"

పెయింటర్ చరచరా దిగి జేబు తిరగేశాడు. లప్పం పెట్టే రేకు, ఉప్పు కాగితం ముక్కలు కింద పడ్డాయి.

"చూసుకోండి. ఇంకేమన్నా వెతకాలా?"

"అది కాదు నాయనా, ఎక్కేటప్పుడు జేబులో..."

"మీ అబ్బాయి కనిపెట్టి ఉండమన్నాడా?"

"మా అబ్బాయి ఏం చెప్పలేదు బాబూ. నేనే వచ్చాను."

"అయితే మీరే వెళ్ళండి. దొంగని కాసినట్టు కాస్తే నేను పని చెయ్యలేను."

ఆవిడ లేచింది. కుర్చీ తీసి గోడవారగా పెట్టింది.

"జాగ్రత్త నాయనా" అంది గుమ్మం దగ్గర ఆగి.

అది కూడా అతనికి బెదిరింపులాగే వినిపించింది.

మర్నాడు ఆవిడ రాలేదు. పీడ విరగడైందనుకుని, ఈల వేసుకుంటూ రెండో కోటు మొదలెట్టాడు. కిటికీ పై మూల అందక పక్కకి వంగాడు. నున్నటి టైల్స్ మీద నిచ్చెన కాళ్ళు జర్రున జారాయి.

కుడి చెయ్యి విరిగింది.

కట్టు కట్టిన చేత్తో, బ్రష్షులూ డబ్బాలూ తీసుకెళ్ళడానికి వచ్చేసరికి ఇంటాయన, వాచ్‌మన్ అక్కడే ఉన్నారు.

"మీ అమ్మగారు రాలేదేం?" అనడిగాడు ఇంటాయన.

"మా అమ్మా?"

"రోజూ నిచ్చెనకి ఆనుకుని కూర్చునేదిగా. జారకుండా పట్టుకోడానికి తెచ్చుకున్నావనుకున్నాను. అంత పెద్దావిడ చేత ఆ పనేంటని అడుగుదామనుకున్నాను కూడా."

పెయింటర్ చేతిలోని డబ్బా కింద పెట్టేశాడు.

"ఆవిడ... మీ అమ్మగారు కాదా?"

ఇద్దరూ వాచ్‌మన్ వైపు తిరిగారు.

"మీకు తెలుసనే అనుకున్నాను సార్. వెనకాల రేకుల షెడ్డులో ఉండేది. లోపల కూర్చుంటానంటే కాదనలేకపోయాను. ఆ అబ్బాయికి నా వల్ల ఇబ్బందవుతోందని చెప్పి, ఇతను పడ్డ ముందు రోజు సాయంత్రమే మూట సర్దుకుని వెళ్ళిపోయింది. ఎక్కడికో చెప్పలేదు."

"ఇంతకీ ఎవరావిడ?"

వాచ్‌మన్ ఇంటాయన మొహంలోకి చూసి గొంతు తగ్గించాడు.

"ఈ గోడలకి ప్లాస్టరింగ్ చేస్తూ నిచ్చెన మీంచి పడి చనిపోయాడు కదండీ కుర్ర మేస్త్రి, వాళ్ళమ్మ."