మూడో ప్రశ్న

“తెలీదు,” అన్నాడతను, ఫొటో బల్ల మీద పెట్టీ పెట్టకముందే.

భర్త వెనక కుర్చీలో కూర్చున్న ఆమెకు ప్రాణం ఉసూరుమంది. నోరు విప్పడానికి లేదు. మనుషుల్ని గుర్తుపట్టే పరీక్షలో ఇంటివాళ్లు వెనకే కూర్చోవాలి, దగ్గి కూడా సాయం చెయ్యకూడదని థెరపిస్టు మొదట్లోనే గట్టిగా చెప్పింది. పోయినసారి గొంతు సవరించుకున్నందుకే పరీక్ష మళ్లీ మొదటికొచ్చింది.

“తొందరేం లేదు సార్. నింపాదిగా చూడండి.”

“ఎంత చూసినా అంతే మేడమ్. తెలీదు.”

ఫొటోలో నవ్వుతున్నది ఆమె తమ్ముడు. ఆరడుగుల మనిషైనా ఇంటిల్లిపాదికీ బుడ్డోడే. బావను చూసి సైన్యంలో చేరి, బావలాగే మీసం పెంచి, పట్టుబట్టి బావ ఉన్న దళానికే వెళ్లినవాడు. వాడు తెలీదట!

మిగతావాళ్లందరూ గుర్తున్నారు మరి. ఒక్కో ఫొటోకి థెరపిస్టు మూడు ప్రశ్నలు వేస్తుంది. ఎవరు? మీకేమవుతారు? ఇప్పుడెక్కడున్నారు? కన్నతల్లి పేరు కోసం అతను తల మీది కుట్ల మచ్చ రుద్దుకుంటూ ఎంతసేపో తంటాలు పడ్డాడు, చెమటలు కక్కాడు, చివరికి చెప్పాడు. పిన్ని ఫొటో చూసి, “ఎవరింటికెళ్లినా గుమ్మంలోనే వంకలు మొదలెడుతుంది. ఇప్పుడా? ఎవరో ఒకరి గుమ్మంలోనే ఉంటుంది,” అంటే థెరపిస్టు పకపకా నవ్వింది. మేడమీద అద్దెకుండే టైలరు కూడా గుర్తున్నాడు. బుడ్డోడి దగ్గరికొచ్చేసరికి మాత్రం తడుముకోవడం కూడా లేదు. అదే ఆమె కడుపు రగిల్చింది.

“దగ్గరి మనుషుల్లో ఈ ఒక్కరే మిగిలారు సార్,” అంది థెరపిస్టు, గొంతు తగ్గించి. “సాయంత్రం డాక్టర్ల కమిటీ కూర్చుంటుంది. ఇది కూడా దాటితేనే చికిత్స సాగుతుంది. లేకపోతే ఇక మెరుగుపడరని తేల్చేసి, బెడ్ ఇంకొకరికి ఇస్తారు.”

“ఇవ్వండి. నాకు తెలీదంతే.”

ఇక ఆమె వల్ల కాలేదు. “ఏవండీ! నా తమ్ముడండీ! మీ కంచంలో చెయ్యిపెట్టి తిన్నవాడు! మావాళ్లంటే మొదట్నుంచీ మీకు చులకనే!”

అతను వెనక్కి తిరిగాడు. ఆమె మొహంలోకి చూసి, వెంటనే తల దించుకున్నాడు. “నిజంగా తెలీదే. ఏం చెయ్యమంటావు?”

“అమ్మా, కాస్త బయటికి రండి,” అంటూ థెరపిస్టు లేచింది.

వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. “మీ తమ్ముడి సంగతి ఆయనకు చెప్పారా?”

“ఎలా చెప్పను మేడమ్?” ఆమె గ్లాసు పక్కన పెట్టేసింది. “బండి మందుపాతర మీదికెక్కింది. ఈయన ప్రాణాలతో బయటపడ్డారు, వాడు పడలేదు. నయమయ్యేదాకా చావు కబురు చెవిన వెయ్యొద్దని పెద్ద డాక్టరుగారు అన్నారు. తెలివొచ్చిన రోజు ‘బుడ్డోడు...’ అంటూ ఈయనేదో అనబోయారు. ఎక్కడున్నాడని అడుగుతారని గుండె ఆగినంత పనైంది. నేనే అందుకుని, ‘వాడికి సెలవు దొరకలేదట, దొరగ్గానే వస్తాడు’ అనేశాను. నా మొహం వంక అలాగే చూసి ఊరుకున్నారు. అప్పట్నించీ వాడి ఊసే లేదు.”

తమ్ముడి కోసం ఆమె తనివితీరా ఏడ్చింది కూడా లేదు. కుళాయి దగ్గర మొహం కడుక్కోవడం, నవ్వు పులుముకుని లోపలికెళ్లడం, ఇదే సరిపోయింది. ఇప్పుడు వాడు గుర్తొస్తే భర్త తట్టుకోలేడు. గుర్తు రాకపోతే భర్తే దక్కేలా లేడు. ఏది కోరుకోవాలో కూడా తెలియని బతుకైపోయింది.

“మీరిక్కడే ఉండండి. మీరు లేకుండా ఒకసారి అడిగి చూస్తాను,” అంటూ థెరపిస్టు లోపలికెళ్లింది.

“ఆవిడేదీ?” అతని గొంతు.

“బయట కూర్చున్నారు.”

“తలుపెయ్యండి.”

థెరపిస్టు తలుపు నెట్టింది గానీ అది సరిగ్గా పడలేదు. బయట ఆమె ఊపిరి బిగబట్టింది.

“ఇప్పుడు చెప్పండి సార్. ఎవరీయన?”

లోపల కుర్చీ బల్ల దగ్గరికి జరిగిన చప్పుడైంది.

“బుడ్డోడు మేడమ్. మా బావమరిది.”

ఆమె గభాల్న లేచింది. గుర్తుంది! తన తమ్ముడు గుర్తున్నాడు! చికిత్స ఆగదు, బెడ్ పోదు. పట్టరాని సంతోషంతో తలుపు మీద చెయ్యి వేసింది.

“మరి ఇన్నాళ్లూ తెలీదన్నారేం సార్? ఇవాళ బెడ్డే పోయేది కదా!”

“పోతే పోనివ్వండి. గుర్తుందంటే మూడో ప్రశ్న అడుగుతారు. ఎక్కడున్నాడని, ఆవిడ ముందే అడుగుతారు.” అతను గొంతు తగ్గించాడు.

“మెల్లగా మాట్లాడండి మేడమ్. వాడు పోయిన సంగతి మా ఆవిడకింకా తెలీదు.”