స్నిగ్ధ తవ్విన కుండ

స్నిగ్ధ చేతిలోని కుంచె ఆగిపోయింది. పగిలిన కుండలో, మట్టి మధ్య, చిన్న పుర్రె.

"సార్..." అంది.

తవ్వకాలు నేర్పుతున్న సురేష్ బాబు గుంతలోకి దిగి వంగి చూశాడు.

"పసిబిడ్డ. పుట్టగానే పోయి ఉంటుంది. వెనకటి రోజుల్లో ఇలా కుండల్లో పెట్టి పాతేవాళ్లు."

"వేల ఏళ్లనాటిదా సార్?"

"తొందరపడకు. ల్యాబ్‌కి పంపితే తెలుస్తుంది. సాయంత్రం ఎత్తుదాం. నిజంగా అంత పాతదైతే రిపోర్టులో నీ పేరే ముందుంటుంది."

తిరువూరు పక్కన తమ మామిడితోటలో ఈ వేసవి శిక్షణ పెట్టించింది స్నిగ్ధే. తను కాళ్లావేళ్లా పడితే నాయనమ్మ సరోజినీదేవి దిబ్బ మీద మాత్రం తవ్వుకోమని ఒప్పుకుంది. దిబ్బ మీద పెంకులు తప్ప ఏమీ దొరకలేదు. నిన్నటి వానకి గట్టు పక్కన కుండ అంచు బయటపడితే స్నిగ్ధ ఇక ఆగలేకపోయింది. సొంత తోటలో తవ్వడానికి మళ్లీ అడిగేదేముంది అనుకుంది.

అందరికీ మజ్జిగ పట్టుకొచ్చిన సరోజినీదేవి గట్టు దగ్గరే నిలబడిపోయింది.

"ఇక్కడెవరు తవ్వమన్నారే?"

"నేనే తవ్వా. లోపల చూడు నాయనమ్మా."

ఆవిడ చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. మజ్జిగ క్యాను జారిపోయినా పట్టించుకోకుండా గట్టు మీద కూలబడింది.

"పూడ్చెయ్యండి."

"తోట గవర్నమెంటు లాక్కుంటుందని భయమా? అలాంటిదేం ఉండదు. సార్‌ని అడుగు."

"తోట పోతే పోనియ్యి. పూడ్చెయ్యమంటున్నాగా."

స్నిగ్ధకి ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ ఎండలో మాడితే ఇప్పటికి దొరికింది. ఇది చేజారితే మళ్లీ ఇలాంటిది దొరుకుతుందా?

"నీ చాదస్తంతో నా చదువు పాడుచెయ్యకు. అమ్మే నయం. ఫొటో పెట్టగానే విస్సన్నపేట నుంచి బయల్దేరింది."

సరోజినీదేవి ఉలిక్కిపడింది. "మీ అమ్మకి చూపించావా? ఏమంది?"

"ఏమీ అన్లేదు. గట్టు పక్కనేనా అని మాత్రం అడిగింది."

సరోజినీదేవి గబగబా గుంతలోకి దిగి కుండ మీద కొంగు కప్పేసింది. స్నిగ్ధ ఆవిడ చెయ్యి పట్టుకుని లాగింది.

"ముట్టుకోకు నాయనమ్మా. దానికింకా నంబరు వెయ్యాలి."

"దానికి అనకే," అంది సరోజినీదేవి, కొంగు తియ్యకుండానే.

"వాడు నీ కవల తమ్ముడు."