గీతలు రాని కార్డు

సుశీలకు ఉన్న భయం ఒక్కటే. గేటు దగ్గర పాపను తన చేతికి ఇవ్వరేమోనని.

ఆ భయమే నిజమైంది.

బొమ్మసంద్రలోని ఆ బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళ పిల్లలను చూసుకోవడానికి గేటు పక్కనే ఒక క్రెష్ ఉంది. కార్డు చూపిస్తే వాచ్‌మన్ దాని మీది బార్‌కోడ్‌కు మిషన్ పెడతాడు. మిషన్ బీప్ అంటే లోపలినుంచి ఆయమ్మ పిల్లను పంపిస్తుంది. సుశీల తెచ్చిన కార్డులో బార్‌కోడ్ ఉండాల్సిన చోట ఒక్క గీత కూడా లేదు. కొన్ని అంకెలు, వాటికి అటొక స్టారు, ఇటొక స్టారు. అంతే.

వాచ్‌మన్ వెంకటగిరియప్ప ఈ వారమే డ్యూటీలో చేరినవాడు. కార్డును తిరగేసి, మళ్ళీ బోర్లించి చూశాడు.

“ఇదేందమ్మా, హోటలు బోర్డు మాదిరి స్టార్లుండాయి? గీతలేవి?”

“ప్రింటులో రాలేదన్నా. నంబరుండాది కదా, చూడు.”

“నంబరు నాకు కనపడతాది తల్లీ. మిషన్‌కు గీతలే కావాల.”

“నా మొహం చూస్తే నమ్మకం లేదా నీకు?”

“నేను నమ్మితే ఏమొస్తాది? మిషన్ నమ్మాల.”

షిఫ్టు విడిచే సైరన్ మోగిందంటే ఆడవాళ్ళంతా ఈ గేటు మీదే పడతారు. సుశీల రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న ఫయాజ్ జెరాక్స్ అంగడిలోకి గబగబా నడిచింది.

ఫయాజ్ కార్డు చూడగానే నవ్వాడు. “ప్రింటరు తప్పు కాదక్కా ఇది. బార్‌కోడ్ కూడా ఒక ఫాంటే. అంకెలు కొట్టి ఆ ఫాంటు పెడితే గీతలైతాయి. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంటును దాంట్లో ఎక్కించకపోతే మళ్ళా అంకెలే మిగులుతాయి. వర్డ్ ఫైలుంటే సరిచేస్తా.”

“ఉండాది.”

“ఆఫీసువాళ్ళు వర్డ్ ఫైలు కూడా ఇచ్చినారా! మంచోళ్ళే.”

సుశీల ఫోన్లోంచి ఫైలు పంపింది. ఫయాజ్ ఎక్కడినుంచో ఆ ఫాంటును దించి కంప్యూటర్లో వేశాడు. తెర మీద అంకెలు ఒక్కసారిగా నల్లటి గీతలైపోయాయి. సుశీల ఊపిరి వదిలింది. అతను పీడీఎఫ్ చేసి తెరిచాడు. మళ్ళీ స్టార్లు.

“థూ, దీనెమ్మ!” అన్నాడు ఫయాజ్, కంప్యూటర్‌తోనే.

సుశీల చేతిసంచిని గట్టిగా పట్టుకుంది. అందులో పాపకు కొన్న కొత్త గౌను ఉంది. కొలత అందాజుగా చెప్పి కొన్నది, సరిపోతుందో లేదో.

“ఈరోజు లీవా అక్కా?”

“ఊఁ.”

“నంబరు కరెక్టేనా, ఒకసారి చూసుకో.”

ఆమె కాగితం వైపు చూడకుండానే అంకెలన్నీ గడగడా చెప్పేసింది.

“నోటికొచ్చేసిందే!”

“రోజూ బస్సులో అదే చూస్తా కూర్చుంటా కదప్పా.”

“అమ్మలంటే ఇట్లుండాల,” అంటూ ఫయాజ్ సెట్టింగుల్లోకి వెళ్ళి, ఫాంట్లను ఫైల్లోనే కలిపేయమనే గడిలో టిక్కు పెట్టాడు. ఈసారి పీడీఎఫ్‌లో గీతలు నిలబడ్డాయి. ఫోన్ పెట్టి చూస్తే అంకెలు సరిగ్గా చదివింది. కార్డు లామినేషన్ కూడా చేసిచ్చాడు, చెమటకు తడవకుండా.

గేటు దగ్గర మిషన్ బీప్ అంది.

“పాప పేరేమమ్మా?”

“బేబీ.”

“అందరూ బేబీలే. పేరు చెప్పు.”

“పేరే బేబీ అన్నా.”

వెంకటగిరియప్ప కార్డు మీద చూశాడు. నిజమే. లోపలికి కేకేశాడు.

పాప బయటికొచ్చి సుశీలను చూసింది. ఫ్యాక్టరీ షెడ్డు వైపు చూసింది. ఏడుపు అందుకుంది.

“ఆటలో ఉంటే అంతేనమ్మా. నా మనవడూ ఇట్లే, ఎవురు పిలిచినా ఏడుపే,” అన్నాడు వెంకటగిరియప్ప. “మిషన్ బీప్ అనింది కదా, ఇంక పొండి.”

సుశీల పాపను చంకనేసుకుని యలహంక వైపు వెళ్ళే బస్సెక్కింది. ఐస్‌క్రీం కొనిస్తానంటే పాప ఏడుపు మానింది.

మీలో ఎవరైనా బొమ్మసంద్రలో ఉంటే దయచేసి ఆ ఫ్యాక్టరీకి వెళ్ళి, కాలర్లు కుట్టే రాధికను ఒక్కసారి చూసి రండి: మెడలో వేలాడే తన కార్డు మీద, గీతల కింద ఉన్న అంకెలను రోజూ బస్సులో పక్కసీటు సుశీల చదువుకున్నదని తెలియక, సైరన్ మోగగానే తన బేబీని ఎత్తుకుందామని ఇంకా మిషన్ తొక్కుతూనే ఉంటుంది.