కూతురున్న ఇల్లు

శనివారం సాయంత్రంలోగా పద్నాలుగు ఇళ్లలో ఒకదాన్ని జాబితాలోంచి తీసేయాలి. ఏ ఇల్లో తేల్చాల్సింది నర్సమ్మే.

"ఆరోగ్యశాఖా సంక్షేమశాఖా వచ్చే వారం నుంచి ఒకే కప్పు కిందికి వస్తున్నాయి సిస్టర్. ఈలోపు ఎవరి జాబితా వాళ్లు తగ్గించుకుని రమ్మన్నారు. ఇంట్లో చూసుకునే మనిషి ఉంటే ఆ ఇల్లు తీసేయండి," అన్నాడు సూపర్‌వైజరు.

"రెండూ కలిస్తే బలం పెరగాలి గదండీ. తగ్గించుకోవడమేంటి?"

"నన్నడిగితే నేనేం చెప్పను? పైనుంచి వచ్చింది."

నర్సమ్మ జాబితా ముందుకు లాక్కుంది. వాదించడానికైనా ఓపికుండాలి కదా. ఇరవై రెండేళ్లుగా కాళ్లకు బలపం కట్టుకుని ఇంటింటికీ తిరుగుతోంది. మోకాళ్లు ఇప్పుడు మెట్లను చూస్తేనే మొరాయిస్తున్నాయి. ఇళ్లకు తిరిగేవాళ్లకు యూనిఫాం దండగని ఆఫీసు ఎప్పుడో మానేసింది. మామూలు బట్టలు, భుజాన ఓ సంచీ, అంతే.

జాబితా మీద వేలు పెట్టింది. మొదటి ఇంట్లో ముసలావిడ ఒంటరిది. రెండో ఇంట్లో కొడుకున్నాడు గానీ, అతనికే చూపు ఆనదు. మూడో ఇంటి సంగతి తలుచుకోకపోవడమే మేలు. వేలు ఒక్కో పేరూ దాటుకుంటూ వెళ్లి గడియారాల పెద్దాయన దగ్గర ఆగింది.

ఆయన ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు. గోడ నిండా గడియారాలే, ఏ రెండూ ఒకే టైము చూపించవు. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. మంచం మీంచి తనంతట తాను లేవలేడు. నర్సమ్మ రోజూ పొద్దున్నే ఆఫీసు ఇచ్చిన తాళంచెవితో లోపలికి వెళ్లి ఇంజెక్షను ఇచ్చి, కాలి పుండు కడిగి కట్టు మార్చేది. సంచీ సర్దుకుని భుజాన వేసుకునే వేళకి కూతురు తన తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికొచ్చేది. చేతిలో ఎప్పుడూ కూరలో, పాలో.

"రాత్రి పడుకున్నారా అమ్మా?" అని అడిగేది.

"పడుకున్నట్టే ఉన్నారు," అనేది నర్సమ్మ.

మాటలు అంతే. ఇద్దరికీ ఊపిరి సలపని పనాయె. నర్సమ్మ గడప దాటేలోపే ఆవిడ పొయ్యి వెలిగించేది, దుప్పటి దులిపేది. కన్నకూతురంటే ఇలా ఉండాలి అనుకునేది నర్సమ్మ. ఊళ్లోవాళ్లందరి నడుములూ పట్టే తాను, సొంత అత్తగారి దగ్గర పట్టుమని పది నిమిషాలు కూర్చుని ఎన్నాళ్లయిందో. తలుచుకుంటే సిగ్గేసేది.

ఆయన పేరు కొట్టేసింది. పక్కన 'కూతురు చూసుకుంటోంది' అని రాసింది. రాశాక మనసు చివుక్కుమంది.

"ఇంట్లోవాళ్లకి ఎవరు చెప్తారు?"

"ఉత్తరం వెళ్తుంది. మీరేం చెప్పకండి, చెబితే ఏడుపులూ గొడవలూ," అన్నాడు సూపర్‌వైజరు.

అయినా చివరి రోజు చెప్పేద్దామనే వెళ్లింది. మందులు, దూది, కట్టుగుడ్డలు నెలకి సరిపడా బల్ల మీద పేర్చింది. ఎలా వాడాలో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసింది. అంతలో కూతురొచ్చింది. మాట నోటిదాకా వచ్చింది. ముఖం చెల్లక మింగేసింది.

"కట్టు సామానంతా నెలకి సరిపడా అక్కడ పెట్టానండీ," అంది.

"మంచిదమ్మా. నేనూ డబ్బాలన్నీ నెలకి సరిపడా నింపేశాను," అంది ఆవిడ కూడా ఎటో చూస్తూ.

ఎంత ముందుచూపు, అనుకుంది నర్సమ్మ. ఇలాంటి మనిషి చేతిలో పెట్టి పోతున్నాం, ఇంకేం భయం లేదని తనకు తనే చెప్పుకుంది. పెద్దాయన మంచం మీంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఎడమ చెయ్యి ఎత్తి ఏదో శబ్దం చేశాడు. ఏమిటో ఇద్దరికీ అర్థం కాలేదు.

సోమవారం నుంచి నర్సమ్మ ఆ వీధిలోకి వెళ్లలేదు. ఆ ఇంటి టైము మిగిలిందన్న సుఖమూ దక్కలేదు. మంగళవారం పక్క వీధిలో నడుస్తుంటే కాళ్లు అటే లాగాయి. ఇంకా ఐదిళ్లున్నాయని ముందుకే నడిచింది.

బుధవారం రెండు శాఖల మొదటి ఉమ్మడి సమావేశం. ఒకే కప్పు కిందికి వచ్చారన్నమాటే గానీ, పొడుగు బల్లకి చెరో పక్కన కూర్చుని ఒకళ్లనొకళ్లు కొత్తగా చూసుకుంటున్నారు. నర్సమ్మ కుర్చీలో కూలబడి చెప్పులోంచి పాదం బయటికి తీసింది. ఇంకా ఎవరో రావాలట, ఎదురుచూస్తున్నారు.

తలుపు తోసుకుని వచ్చింది గడియారాల పెద్దాయన కూతురు.

నర్సమ్మ పాదాన్ని గబుక్కున చెప్పులోకి దూర్చింది. ఉత్తరం అందినట్టుంది. అందరి ముందూ కడిగేయడానికే వచ్చుంటుంది. కడగనీ, పడాల్సిందే. చేసింది తక్కువ పని కాదు. క్షమించమని అడుగుదామని లేచి నిలబడింది.

ఆవిడ గబగబా దగ్గరికొచ్చి, నర్సమ్మ రెండు చేతులూ పట్టుకుని, తప్పు చేసినదానిలా గొంతు తగ్గించి అడిగింది:

"సోమవారం నుంచి మా సంక్షేమం ఆఫీసువాళ్లు నన్ను మీ ఇంటికి పనికి రానివ్వట్లేదమ్మా, పాపం మీ నాన్నగారికి అన్నీ మీరొక్కరే ఎలా చేసుకుంటున్నారు?"